పది గంటల నాడి

మా తమ్ముడి కూతురు మగవాళ్ళ సర్జరీ వార్డులో నర్సు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఆ వార్డులో ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరికీ ‘నిమిషం సిస్టరే’. మిగతా నర్సులు మణికట్టు పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేసి నాడి రాసేస్తారు. మా అమ్మాయి నిండా నిమిషం పట్టుకుంటుంది. ఛాతీ మీద తలకిందులుగా పిన్నుతో తగిలించుకున్న చిన్న గడియారంలో సెకన్ల ముల్లు చుట్టు పూర్తి చేసేదాకా చెయ్యి వదలదు. ఆ నిమిషంలో మీరు తుమ్మినా, దగ్గినా, ‘నన్నెప్పుడు ఇంటికి పంపుతారమ్మా’ అని అడిగినా మళ్ళీ ఒకటి నుంచి లెక్క.

“పదిహేను సెకన్లు చాలవా అక్కా?” అని ఒకసారి కొత్త నర్సు అడిగిందట.

“మిగిలిన నలభై అయిదు సెకన్లూ ఆయన గుండె ఏం చేస్తోందో నీకు కలలో కనబడుతుందా?” అందట మా అమ్మాయి.

ఆ మాటలో నా పెంపకం ఉంది. నేను దర్జీని. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను, అయిదు తరగతుల్లోనూ దస్తూరికి మొదటి బహుమతి నాదే. నలభై ఒక్క ఏళ్ళు మిషను తొక్కాను. మా ఊరి కోర్టులో ఏ రోజు చూసినా సగం నల్లకోట్లు నా చేతివే ఉండేవి. కాలరు కుట్టే పోటీలో రెండుసార్లు మొదటి స్థానం, మూడోసారి రెండోది. ఆ ఏడాది నిర్ణేత కళ్ళజోడు మర్చిపోయి వచ్చాడు. ఇన్నేళ్ళలో మనిషి ఎదురుగా లేకుండా కొలత రాయలేదు. “పోయినసారి కొలత ఉందిగా, అదే వేసెయ్యండి” అన్నవాళ్ళను కూడా నిలబెట్టి టేపు చుట్టాను. “పొట్ట మీతో చెప్పి పెరుగుతుందా?” అని అడిగేవాణ్ణి. మా అమ్మాయి చిన్నతనమంతా నా షాపులో, కత్తిరింపుల బల్ల కింద కూర్చుని గుడ్డముక్కలతో ఆడుకుంటూ ఇవన్నీ వింది.

ఆమె గుట్టు గురించి కూడా చెప్పాలి. మా పక్కింటి లెక్కల మాస్టారు ఒకసారి పదకొండు రోజులు ఆమె వార్డులో ఉన్నాడు. మా ఆవిడకు అన్నం సహించలేదు.

“ఆయనకేమైందే?” అని అడిగింది.

“ఎవరికి పెద్దమ్మా?”

“మాస్టారికి.”

“ఏ మాస్టారు?”

“నీ మొహం! నువ్వు రోజూ ఇంజక్షను పొడిచే మాస్టారు!”

“నేను రోజూ చాలామందిని పొడుస్తాను పెద్దమ్మా.”

పదకొండు రోజులూ ఇదే వరస. ఇంటికొచ్చిన మూడోనాడు మాస్టారే మా వరండాలో కూర్చుని తన మూలవ్యాధి చరిత్రంతా మొదటి అధ్యాయం నుంచి చెప్పుకున్నాడు. మా ఆవిడ ఆ వివరాలు పూసగుచ్చినట్టు అమ్మాయికి అప్పజెప్పింది. అమ్మాయి చెంపన చెయ్యి పెట్టుకుని, “అయ్యో, అలాగా పెద్దమ్మా!” అని నోరు తెరిచింది. అప్పుడైనా తనకు తెలుసని ఒప్పుకోలేదు.

ఇక అసలు విషయం. ఆ ఏడాది వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ రిటైరవుతోంది. ఆ కుర్చీకి మా అమ్మాయి పేరు ఒక్కటే పైకి వెళ్ళింది. సర్జన్ గారు సిఫారసు రాశారు, మేట్రన్ గారు సంతకం చేశారు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క మెమో లేని మనిషి. మరుసటి వారం లెటరు చేతికొస్తుందనగా, నాకు కుడి గజ్జలో హెర్నియా దిగింది. నలభై ఒక్క ఏళ్ళు మిషను తొక్కినందుకు నా ఒంట్లోనే ఒక కుట్టు ఊడిందన్నమాట.

“నిన్ను నేను చూడకూడదు పెదనాన్నా,” అంది అమ్మాయి. “సొంతమనిషి అయితే ఒకోసారి చెయ్యి వణుకుతుంది, ఒకోసారి కళ్ళకు పొర కమ్ముతుంది. ఆడవాళ్ళ వార్డు సిస్టర్‌ని వచ్చి చూడమంటాను.”

“మా అమ్మాయి ఉండగా నన్ను పరాయివాళ్ళు పొడవడమేంటి? ఊళ్ళో నా పరువేం కావాలి?” అన్నాను. నేను పట్టుబట్టానంటే మా ఆవిడే తగ్గుతుంది, ఇక పిల్లెంత. ఒప్పుకుంది. తన తప్పు ఆ ఒప్పుకోవడం దగ్గరే మొదలైందని తర్వాత తనే అంది.

ఆపరేషనుకు ముందు కాగితం మీద సంతకం పెట్టాలి. డాక్టరు అంతా చెప్పి వెళ్ళాక, నేను కలం తీశాను. అమ్మాయి కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

“ముందు డాక్టరు గారు చెప్పింది నాకు చెప్పు.”

“నువ్వూ ఇక్కడే ఉన్నావుగా?”

“నాకు అర్థమైంది. నీకు అర్థమైందా లేదా అన్నది నాకు కావాలి.”

“గజ్జలో కోస్తారు. లోపల వలలాంటి గుడ్డ పెడతారు. అంటే కాలరు లోపల గట్టిగా ఉండటానికి వేసే బక్రంలాగా వేసి కుడతారన్నమాట. పైన మామూలు కుట్లు.”

“ఏ పక్క?”

“కుడి.”

“తర్వాత ఏం చెయ్యకూడదు?”

“బరువులెత్తకూడదు, ముక్కకూడదు, మిషను తొక్కకూడదు.”

“మళ్ళీ చెప్పు.”

“మిషను తొక్కకూడదు. మహాతల్లీ, సంతకం పెట్టనియ్యి!”

ఆపరేషను బ్రహ్మాండంగా జరిగింది. తేడా వచ్చిందల్లా సర్జన్ గారి తెల్లకోటుతో. మొదటిరోజు ఆయన నా మీదికి వంగినప్పుడే చూశాను: ఎడమవైపు కాలరు అరంగుళం పైకి లేచి, చెవి కింద కుక్కతోకలా నిలబడి ఉంది. అంత పెద్ద సర్జను! ఆయన చెయ్యి పడితే చచ్చినవాడు లేచి కూర్చుంటాడంటారు. మెడ దగ్గర మాత్రం ఆ అవతారం. నాకు కోసిన చోట నొప్పికన్నా ఆ కాలరు ఎక్కువ బాధపెట్టింది.

“సార్, మీ కాలరులో బక్రం అడ్డంగా కత్తిరించారు,” అన్నాను.

“ముందు మీ కుట్ల సంగతి చూద్దాం తాతగారూ. నా కుట్లు తర్వాత,” అని నవ్వి వెళ్ళిపోయారు.

రెండోరోజూ అదే కాలరు. మూడోరోజు ఉదయం ఆయన రౌండుకు ముందు ఆపరేషన్ థియేటరులోకి వెళ్తూ కోటు విప్పి డ్యూటీ గది కొక్కేనికి తగిలించారు. నా మంచం మీంచి అది కనిపిస్తూనే ఉంది. ఆరింటికి అమ్మాయి వచ్చి నిండా నిమిషం నాడి చూసి, డెబ్బై ఆరు అని రాసి వెళ్ళింది. తొమ్మిదింటికి అటు వెళ్తూ, “ఎలా ఉన్నావు పెదనాన్నా?” అంటే, “పెళ్ళికొడుకులా ఉన్నాను” అన్నాను. పది గంటలకు ఆపరేషనైన వాళ్ళందరికీ మళ్ళీ నాడి, జ్వరం, బీపీ చూసి చార్టు నింపాలి. ఆ చార్టులు చూసే సర్జన్ గారు ఎవరిని ఇంటికి పంపాలో తేలుస్తారు. మా షాపు ఆసుపత్రికి రెండు వీధుల అవతలే. గంటలో వెళ్ళి రావచ్చని లెక్క వేశాను. లెక్కలో ఎప్పుడూ నేను తప్పలేదు.

పక్క మంచం మీద అపెండిక్సు తీయించుకున్న లారీ డ్రైవరు ఉన్నాడు. మంచివాడు, పని లేక విసిగిపోయి ఉన్నాడు. “మీరెళ్ళి రండి బాబాయ్, నేను చూసుకుంటాను” అన్నాడు. ఆసుపత్రివాళ్ళ నాడా పైజమా మీద సర్జన్ గారి కోటు వేసుకుని బయల్దేరాను. కారిడార్లో ఇద్దరు పక్కకు తప్పుకుని దారిచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ బీడీ దాచేసి సెల్యూట్ కొట్టాడు. నలభై ఒక్క ఏళ్ళు కోట్లు కుట్టినవాడికి కోటంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

మలుపు దగ్గర పళ్ళు అమ్మే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “డాక్టరు గారూ, మోకాలు మడత పడట్లేదండీ, ఏం వాడమంటారు?”

“అమ్మా, నేను కుట్లు వేసేవాణ్ణే గానీ బట్టలకి,” అన్నాను.

“ఎంత నెమ్మదస్తులండీ! పెద్ద డాక్టర్లంతా ఇలాగే తగ్గి మాట్లాడతారు,” అని బలవంతాన నాలుగు అరటిపళ్ళు జేబులో పెట్టింది. చట్టప్రకారం అది ఏ నేరం కిందికి వస్తుందో నాకు తెలియదు. మోకాలి గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదని ప్రమాణం చేస్తాను.

షాపు ఇప్పుడు నా శిష్యుడు నడుపుతున్నాడు. వాడికి యాభై రెండేళ్ళు. నన్ను చూసి వాడి నోట్లోంచి గుండుసూదులు రాలిపడ్డాయి.

“గురువుగారూ! మీరు డాక్టరెప్పుడయ్యారు?”

“నోరు మూసుకుని కుట్లు విప్పే కత్తి ఇయ్యి.”

“నేను కుడతానండీ. మీరు కూర్చోండి.”

“నువ్వా! కాలరా! లే, మిషను మీంచి లే.”

కాలరు విప్పాను. అనుకున్నట్టే బక్రం అడ్డంగా ఉంది. తీసేసి కొత్తది కత్తిరించి మిషను ఎక్కాను. రెండు తొక్కుల తర్వాత నాకు లోకం తెలియలేదు. ఎప్పటిలాగే చక్రం పాడుతోంది, గుడ్డ వేళ్ళ కింద నీళ్ళలా జారుతోంది. గజ్జలో ఏదో వెచ్చగా తగిలింది. ఎండ అనుకున్నాను. నేను కూర్చున్నది నీడలో.

వార్డులో జరిగినదంతా తర్వాత డ్రైవరు చెప్పాడు. అతను నా దుప్పటి కింద రెండు దిళ్ళు పొడుగ్గా పేర్చి, తల ఉండాల్సిన చోట నా కళ్ళజోడు పెట్టె దూర్చి, మెడదాకా కప్పాడట. “చూస్తే నాకే భయమేసింది బాబాయ్, అచ్చం మీరే!” అన్నాడు.

పది కావస్తుండగా నాలుగో మంచం ముసలాయనకు ఊపిరి అందలేదు. ముప్ఫై మంచాలకు ఆ పూట ఒక్కతే నర్సు, అదీ మా అమ్మాయే. పరుగెత్తింది, ఆక్సిజన్ పెట్టింది, జూనియర్ డాక్టరును పిలిపించింది, ఆయన ఒంటికి మళ్ళీ రంగు వచ్చేదాకా పక్కనే నిలబడింది. చూడవలసిన పదకొండు మందిలో పదిమందిని అంతకుముందే చూసేసింది. మిగిలింది నేనొక్కణ్ణే. చేతులు కడుక్కుంటుండగా రౌండు గంట కొట్టారు. సర్జన్ గారు కోటు లేకుండా, థియేటరు పచ్చబట్టల్లోనే, “నా కోటెవరు తీశారు?” అని చికాగ్గా లోపలికొచ్చారు. అమ్మాయి వార్డు చివరికి చూసింది. పెదనాన్న మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. గంట కింద పెళ్ళికొడుకులా ఉన్న మనిషి.

ఆ వార్డులో దానికి ‘కాపీ నాడి’ అని ముద్దుపేరు కూడా ఉంది. తీరిక లేనప్పుడు ఆరింటి అంకెనే పదింటి గడిలోకి దింపేయడం. అందరూ చేస్తారు. మా అమ్మాయి పంతొమ్మిదేళ్ళలో చెయ్యలేదు. ఆ రోజు కలం తీసి నా పదింటి గడిలో డెబ్బై ఆరు అని రాసి, పక్కన ‘సుఖంగా పడుకుని ఉన్నారు’ అని చేర్చి, సంతకం పెట్టింది. పదకొండు మందిలో కొలత తీయకుండా రాసింది ఒక్క నాకే, సొంతవాణ్ణని.

సర్జన్ గారు బల్ల దగ్గరే నిలబడి చార్టు చూశారు. “తాతగారు భేషుగ్గా ఉన్నారే! ఇంటికి పంపేద్దాం,” అని డిశ్చార్జి మీద సంతకం చేసి, ఆ మంచి కబురు స్వయంగా చెబుదామని నా మంచం దగ్గరికి నడిచారు.

“తాతగారూ, ఇంటికెళ్ళిపోవచ్చు... తాతగారూ?” దుప్పటి ఎత్తారు. దిళ్ళను చూశారు. కళ్ళజోడు పెట్టెను చూశారు. చార్టును చూశారు.

“సిస్టర్,” అన్నారట చాలా మెల్లగా, “ఈ దిండుకి నాడి డెబ్బై ఆరు ఉందా?”

వార్డంతా ఒక్కసారి గొల్లుమంది. కుట్లు పట్టుకుని నవ్వినవాళ్ళు కొందరు, వద్దురా అని ఏడుస్తూ నవ్వినవాళ్ళు కొందరు. నాలుగో మంచం ముసలాయన ఆక్సిజన్ మాస్కు లోపలే నవ్వాడట. నవ్వనిది మా అమ్మాయి ఒక్కతే.

సరిగ్గా అప్పుడు నేను గుమ్మంలో దిగాను. నా చూపు తిన్నగా సర్జన్ గారి మెడ మీదికే పోయింది. “సార్, ఒక్కసారి ఇది తొడుక్కుని అద్దంలో చూసుకోండి!” అన్నాను. ఆ మాట పూర్తయిందో లేదో మోకాళ్ళు మడత పడ్డాయి. డ్రైవరు లేచి పట్టుకున్నాడు. కోటు తెలుపు తెలుపుగానే ఉంది గానీ కింద పైజమా మీద ఎర్రగా అరచేయంత మరక.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. గడియారం చూసింది. సెకన్ల ముల్లు చుట్టు పూర్తి చేసేదాకా వదలలేదు. “నూటపది,” అంది.

సర్జన్ గారు కట్టు విప్పి, రెండు కుట్లు వదులయ్యాయని చూసి, మళ్ళీ బిగించి కొత్త కట్టు కట్టారు. చేతులు తుడుచుకుంటూ అమ్మాయి వైపు తిరిగారు. “ఆ డెబ్బై ఆరు చూసే నేను సంతకం పెట్టాను సిస్టర్.”

“నేను చూడలేదు సార్,” అంది అమ్మాయి. “ఆరింటి అంకె చూసి రాశాను.”

‘చూశావా’ అని ఆయన అడగలేదు. ఇంకెవరూ అడగలేదు. తనంతట తనే చెప్పింది.

మేట్రన్ గారికి కబురందింది. నా మంచం చుట్టూ తెర లాగి, గొంతు తగ్గించి మాట్లాడారు. గొంతు తగ్గించినా తెరకు ఇవతల ఉన్నది నేనే కదా, అంతా విన్నాను.

“ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం? ఆ చార్టు ఇటియ్యి. కొత్త కాగితం తీసి, పదింటికి ‘రోగి మంచం మీద లేడు’ అని రాసెయ్. తప్పు ఆయనదేగా!”

“పదింటికి లేడన్న సంగతి పదింటికి నాకు తెలీదు మేడమ్. ఇప్పుడు తెలిసింది ఇప్పటి టైం వేసి రాయాలి.”

“వచ్చే వారం నీ లెటరు రాబోతోంది.”

“తెలుసు మేడమ్.”

“ఇది పైకి వెళ్తే విచారణ వేస్తారు. కుర్చీ పోతుంది. అందరూ చేసేదానికి నువ్వొక్కదానివే బలైపోతావా?”

“అందరూ చేసేది నాకు తెలుసు గనక నాదింకా పెద్ద తప్పు మేడమ్.”

అని చెప్పి చార్టు మీద ఆ డెబ్బై ఆరుకు అడ్డంగా ఒకే ఒక గీత గీసింది, కింద అంకె కనబడేలా. కొట్టిపారేయలేదు, తెల్లరంగు పూయలేదు. పక్కన ‘నాడి చూడకుండా రాసినది’ అని, కింద ‘నూటపది, పది ఇరవై అయిదు’ అని రాసి సంతకం పెట్టింది. ఆ తర్వాత కూర్చుని, జరిగిందంతా రెండు పేజీల నివేదిక రాసి మేట్రన్ గారి చేతిలో పెట్టింది.

మేట్రన్ గారు వెళ్ళాక నేను విరుచుకుపడ్డాను. “పిచ్చిదానా! నేను బాత్‌రూములో ఉన్నానంటే అయిపోయేది! పదింటికి నా నాడి నువ్వు చూశావని ఎక్కడ కావాలంటే అక్కడ చెబుతాను!”

“చెప్పకు.”

“నా నాడి, నా ఇష్టం!”

అమ్మాయి మంచం అంచున కూర్చుంది. డ్యూటీలో ఉండగా ఆమె కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. “పెదనాన్నా, అదే గంటలో, అదే చేత్తో నాలుగో మంచం ఆయన చార్టు రాశాను. ఏ టైముకి ఊపిరి ఆగింది, ఏ టైముకి ఆక్సిజన్ పెట్టాను అని. రేపు ఆయన కొడుకొచ్చి మా నాన్నకేం చేశారు అని అడిగితే నా దగ్గరున్నది ఆ కాగితం ఒక్కటే. నీ డెబ్బై ఆరు అబద్ధమని దాచేస్తే, ఆయన ఆక్సిజన్ నిజమని ఎవరు నమ్మాలి? నేనే నమ్మలేను.”

నేను కోపం తెచ్చుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను.

సాయంత్రం మా ఆవిడ వచ్చి మిగతాది పూర్తి చేసింది. “నా జాకెట్టు చంక కింద బిగుతుగా ఉందయ్యా అని పదేళ్ళుగా మొత్తుకుంటుంటే చెవినెక్కలేదు. డాక్టరు కాలరు కోసం కడుపు చింపుకుని, పిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టారా!” డ్రైవరు దుప్పటి ముసుగేసుకున్నాడు. దుప్పటి ఊగుతూనే ఉంది.

రెండు రోజుల తర్వాత పగలు పదకొండింటికి సూపరింటెండెంటు గారి గదిలో విచారణ. బల్లకు అవతల సూపరింటెండెంటు గారు, మేట్రన్ గారు, సర్జన్ గారు. సాక్షిగా నన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. అమ్మాయి గోడవారగా నిలబడింది. నా మొహం చూసి నా ఉద్దేశం పసిగట్టేసింది. తల అడ్డంగా ఊపింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. మా ఇంటి పిల్ల పంతొమ్మిదేళ్ళ పేరు ఒక్క అంకెకు పోతుంటే చూస్తూ ఊరుకుంటానా? నలభై ఒక్క ఏళ్ళు వకీళ్ళకు కోట్లు కుట్టాను, సాక్ష్యం ఎలా చెప్పాలో నాకు నేర్పక్కర్లేదు.

“పది గంటలకి మీరెక్కడున్నారు?” అని సూపరింటెండెంటు గారు అడిగారు.

“మంచం మీదేనండీ.”

“మంచం మీద దిళ్ళున్నాయి కదా?”

“దిళ్ళ పక్కన నేనున్నానండీ. సన్నటి మనిషిని. సిస్టర్ గారు వచ్చి నిండా నిమిషం నాడి చూశారు. డెబ్బై ఆరు. ఆ తర్వాతే బయటికెళ్ళాను. ఆవిడ పనివత్తిడిలో చూడలేదనుకుంటున్నారు పాపం.”

“పెదనాన్నా!” అంది గోడ దగ్గర్నుంచి.

“మీరు మాట్లాడకండి సిస్టర్,” అన్నారు సూపరింటెండెంటు గారు. ఆయన కలం నా మాటలు రాసుకుంటోంది. అయిపోయింది, గెలిచానని మీసం దువ్వుకున్నాను.

అప్పుడు సర్జన్ గారు గొంతు సవరించుకున్నారు. ఆ కోటే వేసుకుని ఉన్నారు. కాలరు రెండువైపులా పావురం రెక్కల్లా సమంగా వాలి ఉంది.

“తాతగారు చెప్పింది నిజమే కావచ్చు సార్. పది తర్వాత బయల్దేరి, పది ఇరవైకి తిరిగొచ్చారంటే ఈయన షాపులో ఉన్నది అయిదు నిమిషాలు. అయిదు నిమిషాల్లో కాలరు విప్పి కుట్టడం అయ్యే పని కాదు. కాబట్టి ఇది ఆయన శిష్యుడు కుట్టి సిద్ధంగా ఉంచాడన్నమాట. ఆ శిష్యుడి పనితనం మాత్రం...”

“వాడా!” అన్నాను.

“చాలా బాగా కుట్టాడు. ఇంత తీరైన కాలరు నేనింతవరకూ...”

“వాడికి బక్రం ఏ వైపు తిప్పాలో ఈనాటికీ తెలీదు! ఆ మూల చూడండి, ఆ మూల! అది తిప్పగల చెయ్యి ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది! తొమ్మిదీ ఇరవైకి విప్పాను, తొమ్మిదీ ముప్పావుకి బక్రం కత్తిరించాను, పదీ రెండు నిమిషాలకి చివరి కుట్టు! గోడ గడియారం నా ఎదురుగానే...”

సూపరింటెండెంటు గారు కలం మూసి, మళ్ళీ తెరిచి, “పదీ రెండా?” అన్నారు.

“...నిమిషాలు,” అన్నాను.

ముందు నవ్వింది మా అమ్మాయి. రెండు రోజులుగా బిగించుకున్న మొహం ఒక్కసారి విచ్చుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని నవ్వింది. దాంతో మేట్రన్ గారు, ఆ వెనక సర్జన్ గారు. సూపరింటెండెంటు గారు నీళ్ళు తాగుదామని గ్లాసు ఎత్తి, తాగలేక దించారు. నేనూ నవ్వాను గానీ కుట్లు లాగాయి.

నవ్వులయ్యాక నిర్ణయం రాశారు. చూడని నాడి చూసినట్టు రాయడం రోగి ప్రాణానికి ప్రమాదం, చట్టప్రకారం ఆసుపత్రి మీదికి వచ్చే తప్పు. తానే బయటపెట్టింది గనక ఉద్యోగానికి ఇబ్బంది లేదు. కానీ హెచ్చరిక ఫైలుకెక్కుతుంది, ఇన్‌ఛార్జి కుర్చీకి ఈసారి పేరు వెనక్కి తీసుకుంటున్నాం.

“ఏమైనా చెప్పుకుంటారా సిస్టర్?”

“ఒక్క వాక్యం చేర్చండి సార్. ఆ పది గంటలకి ముప్ఫై మంచాలకి ఒక్క నర్సు ఉందని. తప్పు నాదే, అది తగ్గించమని కాదు. ఆ వాక్యం లేకపోతే రేపు నా చోట ఇంకొకరు నిలబడతారు.”

సూపరింటెండెంటు గారు మేట్రన్ గారి వంక చూశారు. వాక్యం చేర్చారు. వాక్యం కాగితం మీద పడ్డాక దానికి జవాబు చెప్పాలి కదా. పై నెల నుంచి ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా ఆ వార్డుకు రెండో నర్సు వచ్చింది. ‘కాపీ నాడి’ అన్న మాట ఇప్పుడక్కడ వినబడదు. ఇన్‌ఛార్జి కుర్చీలో మా అమ్మాయికన్నా నాలుగేళ్ళు చిన్నది కూర్చుంది. ఆ పిల్ల మొదటిరోజే వచ్చి, “అక్కా, కొత్తగా చేరినవాళ్ళకి చార్టు రాయడం నువ్వే నేర్పాలి” అంది. మా అమ్మాయి ఆ పాఠం ‘మా పెదనాన్న నాడి నేను చూడలేదు’ అన్న మాటతో మొదలుపెడుతుందట. వద్దన్నా వినదు. మా ఆవిడ మూడు వారాలు కుర్చీ గురించి బెంగపెట్టుకుంది. అమ్మాయి మాత్రం విచారణ అయిన పూటే మా ఇంటికొచ్చి రెండు పళ్ళేలు అన్నం తిని, సోఫాలో పడి గురకపెట్టింది.

నాకొక కోరిక పుట్టింది. ఆ చార్టు నకలు కావాలన్నాను.

“ఊరికే ఇవ్వం. దరఖాస్తు పెట్టు,” అంది.

“సొంత పెదనాన్నకి దరఖాస్తా?”

“పెదనాన్నకి అసలివ్వను. రోగికైతే ఇస్తాను. రోగి తన కాగితాలు అడిగితే ఇచ్చి తీరాలి, అది వాళ్ళ హక్కు.”

రోగి హోదాలో, నా దస్తూరిలో, గీతలు కొట్టుకుని ఒక పేజీ దరఖాస్తు రాసిచ్చాను. గుమస్తా దాన్ని పక్కగదిలో వాళ్ళకు కూడా చూపించాడు. మూడో రోజుకు నకలు చేతికొచ్చింది. తిన్నగా వెళ్ళి ఫ్రేము కట్టించి, నా కాలరు పోటీ బహుమతుల మధ్యన, వచ్చినవాళ్ళ కళ్ళ ఎత్తున మేకు కొట్టాను.

“ఏం మనుషులండీ మీరు! రోగాన్ని గోడకి వేలాడదీస్తారా?” అంది మా ఆవిడ.

అమ్మాయి ఆదివారం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. “పెదనాన్నా! ఇదేంటి! తీసెయ్యి. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారు!”

“నా నాడి, నా కాగితం, నా హక్కు. నువ్వే చెప్పావు. నువ్వు గుట్టు దాచాలి గానీ నేను దాచాలని ఏ చట్టంలో ఉంది?”

నడుం మీద చేతులు పెట్టుకుని, ఫ్రేములోని తన చేతిరాతను, కింద అంకె కనబడేలా గీసిన ఆ గీతను చూసింది.

“పోనీ, మేకు కాస్త వంకరగా ఉంది. అదైనా సరిచెయ్యి,” అని లోపలికి వెళ్ళిపోయింది.

మేకు వంకరగా లేదు. టేపు పెట్టి రెండుసార్లు కొలిచాను.